హైడ్రాకి మోకాళ్ళ నొప్పులుండవు

పోయిన నెల నాన్నకి మోకాలి ఎక్స్‌రే తీయించాను. "గుజ్జు అరిగిపోయిందండీ, వయసు కదా" అన్నారు డాక్టరుగారు. వచ్చేటప్పుడు ఆటోలో నాన్న అడిగారు: "గోళ్ళు పెరుగుతున్నాయి, జుట్టు పెరుగుతోంది, దీనికేం రోగంరా?" నా దగ్గర జవాబు లేదు. ఇంటర్లో ఎంపీసీ మరి.

ఆ రాత్రి అదీ ఇదీ చదువుతూ హైడ్రా దగ్గర తేలాను. స్కూల్లో బొమ్మ వేసి, భాగాలు గుర్తించి, పరీక్షవగానే మర్చిపోయామే, అదే. ఉండేది సెంటీమీటరు. ముక్కలు చేస్తే ప్రతి ముక్కా మళ్ళీ పూర్తి హైడ్రా అవుతుందని 1740ల్లోనే ట్రెంబ్లే అనే ఆయన చూపించాడు. అది అందరికీ తెలిసిందే. నాకు తెలియనిది ఇంకోటుంది. అన్ని ప్రాణుల్లాగే ఇదీ ముసలిదవుతుందని నిరూపిద్దామని డేనియల్ మార్టినెజ్ అనే శాస్త్రవేత్త నాలుగేళ్ళు హైడ్రాలని పెంచి, అవి ముసలివి కావట్లేదని 1998లో తనే రాయాల్సొచ్చింది. తర్వాత జర్మనీలో మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్ళతో కలిసి 2,256 హైడ్రాలని ఎనిమిదేళ్ళపాటు గమనించారు. 2015లో తేలిందేమిటంటే, వయసు పెరిగినా చావు అవకాశం పెరగలేదు. ఏడాదికి దాదాపు 167కి ఒకటి, అంతే.

రహస్యం రిపేరులో లేదు. దాని మూలకణాలు ఆగకుండా కొత్త కణాల్ని చేస్తూనే ఉంటాయి. పాతవి టెంటకిల్స్ చివరికీ, పాదానికీ జరిగి రాలిపోతాయి. సుమారు మూడు వారాల్లో ఒళ్ళంతా కొత్తదే. మన భాషలో చెప్పాలంటే బగ్ ఫిక్స్ చెయ్యదు, సర్వర్నే మార్చేస్తుంది. ఇందులో ఫాక్స్-ఓ అనే జన్యువుది పెద్ద పాత్ర అని, దాన్ని అణిచేస్తే మూలకణాలు తగ్గిపోతాయని కీల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2012లో చూపించారు. ఆ జన్యువు మనలోనూ ఉంది!

ఉంటే మాత్రం? మోకాలి గుజ్జులో రక్తనాళాలుండవు, కణాలు విభజన చెందడం బహు తక్కువ. అన్నట్టు ఒలిగాక్టిస్ అనే హైడ్రా జాతి ఒకటుంది. చలి తగిలి, మొగ్గలు తొడగడం మాని, ఆడా మగా పద్ధతిలో సంతానానికి దిగిందా, కొన్ని నెలల్లో ముసలిదై పోతుంది. నాన్నకి చెప్తే, "నేను అరవై ఏళ్ళనించీ చెప్తోంది అదే" అన్నారు :)

హైడ్రాకి మెదడు లేదు, ఓ నరాల వల తప్ప. ఆ నరాల కణాల్నీ మార్చేసుకుంటుంది. నాన్నేమో 1977 దివిసీమ ఉప్పెన సంగతులు ఇప్పటికీ పూసగుచ్చినట్టు చెప్తారు. అవన్నీ ఉన్నది ఆ పాత కణాల్లోనే. మోకాళ్ళు మాత్రం మార్చి మిగతాది ముట్టుకోకుండా ఉంచే వెర్షనుంటే ఈ క్షణమే తీసుకుంటాను.

ప్రస్తుతానికి ఫిజియోథెరపీ. రోజూ ఇరవై సార్లు కాలు చాపి ఎత్తాలి. పదిహేను దగ్గర ఆపేసి, ఇరవై అయ్యాయంటున్నారు.