బెల్లానికి కరువా?

మా అత్తయ్యగారికి సిమెంటంటే పడదు. "గోడకి ఊపిరాడదే అమ్మాయీ" అంటారు.

చోడవరంలో మా ఇల్లు మామయ్యగారి తాతగారి నాటిది. అన్నీ సున్నం గోడలే. ఆరేళ్ళ కిందట వానాకాలంలో వంటింటి గోడ పెచ్చులూడుతుంటే, నేనే పట్టుబట్టి లోపలా బయటా సిమెంటు పూయించాను. అద్దంలా నున్నగా వచ్చింది. నేను మురిసిపోతుంటే ఆవిడ పెదవి విరిచారు. మూడో ఏటికల్లా ఆ పూత ఉబ్బింది. వేలితో కొడితే డొల్లగా మోగేది. లోపల ఇటుక పిండిపిండి! ఇప్పుడు మేస్త్రీ ఏకంగా ఇల్లే పడగొట్టెయ్యమంటున్నాడు.

ఈ బెంగతోనే అత్తయ్యగారితో కలిసి హైదరాబాదులో మా మరిది ఇంటికి వెళ్ళాను. అతను ఓ ఆదివారం మమ్మల్ని మెదక్ చర్చి చూడ్డానికి బయలుదేరదీశాడు. ఆవిడ మడీ ఆచారం గల మనిషి, వస్తారనుకోలేదు. "దేవుడి ఇంటికి రానంటానా?" అంటూ ముందే కారెక్కి కూర్చున్నారు.

ఆ చర్చిని వెస్లియన్ మిషనరీ పోస్నెట్ దొర 1914లో మొదలుపెట్టించాడు. 1924 క్రిస్మస్‌నాడు ప్రతిష్ఠ. రెండు వందల అడుగుల పొడవు, వంద అడుగుల వెడల్పు, నూట డెబ్భై అయిదు అడుగుల గంట గోపురం. అవి కరువు రోజులు. ఊరికే గింజలు పంచేకంటే పని చూపించి కూడు పెడదామనుకున్నాడాయన. రాళ్ళు మోసిన తల్లులు చంకలో పిల్లల్ని ఎక్కడ దించి పనిచేశారో! రంగుటద్దాల కిటికీల్లో ఏసుప్రభువు కథ చూస్తున్నా నా మనసు వాళ్ళ దగ్గరే ఉంది. ఆ బొమ్మలకి సూర్యుడే దీపం. పొద్దుగూకితే లోపలివాళ్ళకి కనబడవు.

అత్తయ్యగారు మాత్రం కిటికీల జోలికే పోలేదు. గోడకి అరచెయ్యి ఆనించి నిలబడ్డారు.

"రాయీ, డంగుసున్నమూనమ్మా" అన్నాడు మరిది.

"అదీ సంగతి. మన ఇంటికీ అంతే. సున్నం గానుగాడించి, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం కలిపేవారు. అది చెమ్మ పీల్చుకుని మళ్ళీ వదిలేస్తుంది. నువ్వు మూత పెట్టావు."

పాత కట్టడాలు బాగుచేసే ఇంజినీర్లు చెప్పేదీ అదేనట. ఆవిడ ఏ కాలేజీకీ వెళ్ళలేదు. బి.ఏ. చదివిన నేను తలొంచుకున్నాను.

ఆ రాత్రే మేస్త్రీకి ఫోను చేసి, పడగొట్టొద్దు, ముందు ఆ సిమెంటు చెక్కించమన్నాను. "సున్నం పని ఇప్పుడెవరికి వచ్చమ్మా?" అన్నాడు. నిజమే, ఆ పని తెలిసిన ముసలి మేస్త్రీ కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాం.

అత్తయ్యగారు మాత్రం కరక్కాయలు తెప్పించి పెరట్లో ఎండబోశారు. "మరి బెల్లమో?" అన్నాను.

"చోడవరంలో ఉండి బెల్లానికి కరువేమిటే!"