మంచు బిగించిన తలుపు

మన తెలుగులో మంచు అన్నది ఒక్కటే మాట. తెల్లవారుజామున గడ్డిపరక కొనను నిలిచే బిందువూ మంచే, పొలం గట్లను మరుగుపరచే తెల్లని తెరా మంచే, హిమాలయ శిఖరం మీద యుగాలుగా పేరుకున్నదీ మంచే. అమరసింహుడు తుషారమనీ, తుహినమనీ, నీహారమనీ, ప్రాలేయమనీ పేర్లను ఒకచోట చేర్చిపెట్టాడు. ముప్పై యేళ్ళకు పైగా నేను వాటిని పిల్లలచేత వల్లె వేయించాను. అయితే శీతల దేశంలో కాపురముండే వారికి ఇవి పర్యాయపదాలు కావు. పొడిగా కురిసి నిలిచిన మంచు వేరు, అది కరిగి నీరై మరల గడ్డకట్టినది వేరు. మొదటిది చీపురుతో ఊడిస్తే పోతుంది. రెండవది కారు తలుపును పట్టుకున్నదంటే నిండు మనిషి బలానికి కూడా లొంగదు. ఈ టపా ఆ రెండవదాని గురించి.

ఫిల్మ్‌నగర్‌లో కూర్చుని కారు తలుపులు గడ్డకట్టటం గురించి వ్రాయటమేమిటని చదువరులు నవ్వుకోవచ్చు. హైదరాబాదులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అది కూడా 1946 జనవరిలో. జూబ్లీహిల్స్ బండల మీద డిసెంబరు ఉదయాన కార్ల అద్దాలు చెమర్చితే డ్రైవర్లు ఒక గుడ్డముక్కతో తుడిచి పారేస్తారు. అంతటితో మన చలికాలపు వాహన శాస్త్రం సమాప్తం. ఇక్కడి స్టూడియోలలో నేను చూచిన మంచు అంతా ఉప్పూ, దూదీ, థర్మోకోల్ పొడీ. నాయిక దానిని దోసిట పట్టి ఎగురవేస్తుంటే పక్కన పంకా తిరుగుతుంటుంది. కానీ మా వీధిలో ఏ ఇంటి తలుపు తట్టినా కొడుకో కూతురో మిచిగన్‌లోనో, మినసోటాలోనో, టొరంటోలోనో ఉన్నారు. తల్లిదండ్రులు పురుళ్ళకూ, మనవల సంరక్షణకూ పోతున్నారు. తాతముత్తాతల నుంచి రాని విద్య ఇది. ఎవరో ఒకరు చెప్పవలసినదే.

నాకు ఈ విద్యలో మొదటి పాఠం చెప్పినవాడు ఈ పేటవాడే. ప్రొడక్షన్ వ్యాను నడిపి, ఇప్పుడు విశ్రాంతిగా ఉన్న డ్రైవరు. ఒకప్పుడు యూనిట్‌తో మనాలీ పోయినప్పుడు సాయంకాలం బండిని శుభ్రంగా కడిగించాడట. తెల్లవారి చూస్తే పక్క తలుపు కదలలేదు. లోపల ఆనాటి చిత్రీకరణకు కావలసిన దుస్తులన్నీ ఉన్నాయి, మేనేజరు కేకలు. ఇతడు హోటలు వంటింటి నుంచి మరిగే నీళ్ళు తెప్పిస్తే, అక్కడి డ్రైవరొకడు పరుగున వచ్చి చేయి పట్టుకున్నాడట. "సలి గాదు సార్, నీళ్ళే మన దుష్మన్" అని ఇతడు నాతో చెప్పిన మాట, ఆ విషయం మీద నేను తరువాత విన్న వివరణలన్నిటికంటె సూటిగా ఉన్నది. చల్లబడిన అద్దం మీద వేడినీళ్ళు పోస్తే అద్దం పగలవచ్చు. పగలకపోయినా ఆ నీరు సందులలోకి దిగి, నిమిషాల్లో మునుపటికంటె గట్టిగా బిగుస్తుంది. ఆ కొండవాడు చేసినదల్లా తలుపును భుజంతో లోపలికి నొక్కటం. లాగలేదు, నొక్కాడు. నాలుగైదు చోట్ల నొక్కేసరికి లోపలి మంచు పలకలు చిట్లి, తలుపు వచ్చింది. (అక్కడి చలికి డీజిలు కూడా మైనం వలె పేరుకుంటుందని అతడు చెబితే అప్పట్లో నాకు అతిశయోక్తిగా తోచింది. లదాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ వారు 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీలకు కూడా పారే ప్రత్యేకమైన డీజిలు తెచ్చారన్న వార్త చదివినప్పుడు అతడే జ్ఞాపకం వచ్చాడు.)

తలుపు చుట్టూ ఉండే రబ్బరును మన మెకానిక్కులు బీడింగ్ అంటారు. దానికీ ఇనుప చట్రానికీ మధ్య తడి చేరితే, రాత్రి గడ్డకట్టి రెంటినీ అతికిస్తుంది. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది గనుక సందు ఎంత చిన్నదైతే పట్టు అంత బిర్రు. బలంగా లాగితే తలుపు రాదు, బీడింగ్ చిరుగుతుంది, లేదా హ్యాండిల్ చేతికి వస్తుంది. చిరిగిన రబ్బరులోకి మరింత నీరు పోతుంది. మరునాడు మరింత బాధ. ఆ నీరు ఎక్కడి నుంచి వస్తుందంటే, కారు కడిగించినప్పుడు కొంత, తడి మంచు కురిసినప్పుడు కొంత. అన్నిటికంటె మోసకారి మూడవది: ఇంటికి వచ్చేదాకా లోపల హీటరు నడుస్తుంది, పైకప్పు మీది మంచు కరిగి తలుపుల సందులలోకి కారుతుంది, మనం వెచ్చగా ఇంట్లో భోజనం చేస్తుండగా అది గడ్డకడుతుంది.

కాబట్టి పని ఉదయానిది కాదు, ముందటి సాయంకాలానిది. పైకప్పు మీది మంచును ముందు దులపాలి. నాలుగు తలుపులూ తెరచి బీడింగునూ, అది ఆనే చట్రాన్నీ పొడిగుడ్డతో తుడవాలి. చలికాలం మొదలయ్యేటప్పుడొకసారి, తరువాత నెలకో రెండు నెలలకో ఒకసారి, రబ్బరుకు సిలికోన్ పలుచగా పట్టించాలి. స్ప్రేను గుడ్డ మీద కొట్టుకుని రుద్దటం మేలు. అద్దాల మీద పడితే చూపు మసకబారుతుంది. సిలికోన్ దొరకనిచోట గ్లిజరిన్ వాడేవారున్నారు. ఇంజను నూనె, వాజెలిన్ వంటివి వద్దు. ఇప్పటి కార్ల రబ్బరు వాటికి ఉబ్బి మెత్తబడుతుంది. ఇక మన ఇళ్ళలో సర్వరోగ నివారిణి అయిన కొబ్బరినూనె మాట. అది సుమారు 24 డిగ్రీలకే పేరుకునే పదార్థం. సంక్రాంతికి మన స్నానాల గదిలోనే సీసా బోర్లిస్తే జారనిది, షికాగోలో తలుపు తెరిపిస్తుందా?

షికాగో అన్నాను గనుక చెబుతాను. 2019 జనవరి చివరి వారంలో నేను ఆ నగరానికి పడమటనున్న అరోరాలో మా అమ్మాయి ఇంట ఉన్నాను. ఆ 30వ తేదీన షికాగో విమానాశ్రయం దగ్గర మైనస్ 31 డిగ్రీలు నమోదైనవి. వాళ్ళది అపార్ట్‌మెంటు, కారు ఆరుబయటే. అల్లుడు వేరే ఊళ్ళో ఉన్నాడు. ఆ వారంలోనే ఒకనాటి ఉదయం రెండేళ్ళ మనవడికి జ్వరం హెచ్చి, ఊపిరి బరువుగా తీస్తున్నాడు. అమ్మాయి ముందటి రాత్రి చీకటిలో తన వైపు తలుపు ఒక్కటే తుడిచింది. అది తెరుచుకున్నది. పిల్లవాడి కుర్చీ ఉన్న వెనుక తలుపులు రెండూ బిగిసిపోయినవి. ఆ చలిలో కప్పని చర్మం నిమిషాల్లో దెబ్బతింటుంది; వాడిని ఎత్తుకుని అక్కడ నిలుచోలేము.

నేను తలుపు మీద భుజం ఆన్చబోయాను. "వద్దు నాన్నా, కాలు జారితే ఇద్దరినీ తీసుకుపోవాలి" అన్నది. నన్నూ పిల్లవాడినీ లోపలికి పంపి, ఇంజను ఆన్ చేసి, వేడిగాలి వదిలి, పది నిమిషాల తరువాత కూడా వెనుక తలుపు రాకపోతే, ముందు తలుపు గుండానే తాను లోపలికి దూరి, రెండు సీట్ల నడుమ నుంచి వాడిని అందుకుని వెనుక కుర్చీలో కట్టింది. లోపలి నుంచి నెట్టి తెరుద్దామంటే పిల్లలు తెరవకుండా పెట్టిన తాళం అడ్డు. మేము వైద్యుని వద్దకు చేరేసరికి హీటరు వేడికి తలుపు తానే వచ్చింది. వాడికిప్పుడు తొమ్మిదేళ్ళు, ఫోనులో నా ఛందస్సును వెక్కిరిస్తుంటాడు. కానీ ఆ పది నిమిషాలు కిటికీ దగ్గర వాడి ఊపిరి లెక్కపెడుతూ నిలుచున్నది నేను. అందుకే సాయంకాలపు గుడ్డముక్క గురించి ఇంత చాదస్తంగా వ్రాస్తున్నాను.

ఆ పది నిమిషాలలో అమ్మాయి చేసిన ఇంకొక పని ఉన్నది. ఇంజను ఆన్ చేయకముందే కారు వెనుకకు పోయి, పొగగొట్టం చుట్టూ ఉన్న మంచును పారతో తీసింది. అప్పుడు నాకది అనవసరపు జాప్యమనిపించింది. కారణం తరువాత చెప్పింది. గొట్టం మూసుకుంటే కార్బన్ మోనాక్సైడు కారులోకే తిరిగివస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్ర ముంచుకువచ్చినట్లుండి ప్రాణం పోతుంది. పిల్లలు బయట మంచు తీస్తుంటే, "మీరు చలికి ఆగలేరు, కారులో కూర్చోండి" అని పెద్దవాళ్ళను లోపల కూర్చోబెట్టి ఇంజను ఆన్ చేయటం అక్కడ మామూలే. ముందు గొట్టం చూడండి, తరువాత కూర్చోండి. గ్యారేజీ ఉన్నవారు దాని లోపల ఇంజను నడుపుతూ ఉంచవద్దు. తలుపు ఎత్తి ఉన్నా సరే.

మిగిలినవి త్వరగా చెప్పి ముగిస్తాను. కిటికీ అద్దం బిగిసినప్పుడు మీట నొక్కుతూ ఉండవద్దు. అద్దం కదలదు, లోపలి మోటారో తీగో తెగుతుంది. అద్దం కడిగే నీళ్ళడబ్బాలో మామూలు నీరు పోయకూడదు. చలికాలానికని అమ్మే ద్రవం వాడాలి; అందులో తరచుగా మెథనాలు ఉంటుంది, విషం, పిల్లలకు అందనీయవద్దు. వైపర్లు అద్దానికి అంటుకున్నప్పుడు స్విచ్చి వేయక, చేతితో మెల్లగా విడదీయాలి. తాళం చెవి దూరే రంధ్రంలోకి గ్రాఫైటు పొడి కొంచెం ఊదితే అది బిగియదు. తాళంచెవిని అగ్గిపుల్లతో కాచటం పాతకాలపు చిట్కా. ఇప్పటి చెవుల తలలో ఎలక్ట్రానిక్ చిప్పు ఉంటుంది, కాలుతుంది. తడిసిన బండికి గడ్డకట్టే రాత్రి హ్యాండ్‌బ్రేకు వేస్తే ఒక్కోసారి పట్టుకుంటుంది; సమతలం మీదైతే గేరులో ఉంచితే చాలు. వీలుంటే కారు ముఖం తూర్పుకు పెట్టండి, ముందద్దం మీద సూర్యుడే సగం పని చేస్తాడు.

అంత దూరం పోనక్కరలేదు కూడా. మన చింతపల్లి మండలపు లంబసింగిలో చలికాలపు రాత్రులు సున్నా దగ్గరకు దిగుతాయి. ఆ ఊరికి కొర్రబయలు అని మరో పేరు. బయట పడుకుంటే కొర్రులా, అంటే కర్రలా బిగుసుకుపోతారని అర్థం చెబుతారు. ఎంత చక్కని పేరు! హైదరాబాదు నుంచి కారులో పోయి రాత్రి అక్కడ బస చేసేవారు, తెల్లవారి అద్దం మీద తెల్లపొర కనిపిస్తే ఫ్లాస్కులోని వేడినీళ్ళు కాఫీకే ఉంచుకోవాలి.

మొన్న మా ఎదురింటి దంపతులు మినసోటా ప్రయాణమవుతూ వచ్చారు. "అన్నయ్యగారూ, ఆ స్ప్రే ఏదో ఇక్కడే కొని పట్టుకుపోదామా?" అని ఆవిడ అడిగారు. అటువంటి డబ్బాలను విమానంలోకి రానివ్వరు, అక్కడ ఏ కార్ల సామాను దుకాణంలోనైనా దొరుకుతుంది అన్నాను. పాత నూలు పంచె ఒకటి మాత్రం ఇక్కడి నుంచే తీసుకుపొమ్మన్నాను. తడి పీల్చటంలో దానికి సాటి లేదు. ఆవిడ తమ ఆయన పంచెను నాలుగు ముక్కలుగా చింపి, ఆవకాయ డబ్బా చుట్టూ చుట్టి పెట్టెలో సర్దారట.