గండికోటలో ఒక రాత్రి

మా అమ్మాయీ అల్లుడూ జర్మనీ నుంచి మూడు రోజులు ఏథెన్స్ చూడ్డానికి వెళ్లారు. ఇక మా ఫోన్ నిండా ఫొటోలే. కొండమీద పార్థెనాన్ గుడి ముందు నిలబడి ఒకటి, విరిగిన స్తంభాల పక్కన ఇంకొకటి. మా ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసింది. సోషల్ సారుగా పనిచేసి రిటైరైనవాణ్ని, ఊరుకుంటానా? ‘‘దాదాపు రెండువేల నాలుగొందల యాభై ఏళ్లనాటి గుడి. తురుష్కులు అందులో మందుగుండు దాచిపెడితే, 1687లో వెనిస్ వాళ్ల గుండు పడి పేలిపోయింది’’ అంటూ పాఠం మొదలుపెట్టాను.

ఆమె సాంతం వినింది. ‘‘గండికోట గురించి గూడా పిల్లోళ్లకు ఇట్లనే చెప్పినావు గదా ముప్పై ఏండ్లు. నన్ను ఒగసారన్నా పిల్చకపోయినావా?’’ అంది.

పిల్చుకుపోలేదు. మాది తుమ్మలపల్లె. పేరు చెబితే చాలు ‘యురేనియం ఊరా’ అంటారు. పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా వెళితే గండికోట ఎంతో దూరం కాదు. విహారయాత్ర పేరుతో పిల్లల్ని తోలుకుని నేను నాలుగైదుసార్లు వెళ్లొచ్చాను కూడా.

ఆమె మాట వెనక ఇంకో మాట ఉందని నాకు తెలుసు. ఆమె పుట్టిల్లు తాళ్లప్రొద్దుటూరు. 2020లో గండికోట జలాశయంలో మునిగిపోయింది. ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు మా బావమరిది ఫోన్ చేశాడు, ‘ఒకసారి వచ్చి చూసుకుని పోక్కా’ అని. కరోనా రోజులు. ‘‘ఇప్పుడెందుకు, నెమ్మదిగా పోదాంలే’’ అన్నాను. నెమ్మదిగా పోవడానికి తర్వాత ఊరు లేదు. ఆమె నన్ను ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి యాడికన్నా పోదామని అడగడం మాత్రం మానేసింది.

సంక్రాంతి వెళ్లిన వారానికి బయల్దేరాం. దారిలో తినడానికి చిత్రాన్నం, చీనీకాయలు. టూరిజం వాళ్ల హోటల్‌లో ఒక రాత్రికి గది తీసుకున్నాం. మొగుడూ పెళ్లాలం ఇద్దరమే హోటల్ గదిలో దిగడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. తాళంచెవి ఇస్తున్న కుర్రాడి ముందు ఎందుకో ఇద్దరికీ సిగ్గేసింది.

కోట వాకిలి దాటగానే నాలో సారు మళ్లీ లేచాడు. పెమ్మసాని నాయకులు, విజయనగరం, తర్వాత గోల్కొండ తరఫున వచ్చి కోట పట్టుకున్న మీర్ జుమ్లా. 1652లో వజ్రాల వర్తకుడు టావెర్నియే ఇక్కడికొచ్చి అతణ్ని చూశాడు. మీర్ జుమ్లా కాలివేళ్ల సందుల్లో, చేతివేళ్ల సందుల్లో ఉత్తరాలు పెట్టుకుని, ఒక్కొక్కటీ తీసి జవాబులు చెప్పి రాయించేవాడని రాసుకున్నాడు. ఇది చెప్పినప్పుడు మాత్రం ఆమె పకపకా నవ్వింది. ‘‘నువ్వు పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు గూడా అంతే’’ అంది.

జుమ్మా మసీదు చూశాం. పక్కనే ధాన్యాగారం. చీకటిగా, చల్లగా ఉంది లోపల. ఎన్ని మూటలు పడతాయో ఆమె లెక్క వేసింది. నాకు తోచని లెక్క అది.

మాధవరాయస్వామి గుడికి వెళ్లేసరికి ఎండ వాలింది. గోపురం అంతెత్తున ఉంది. స్తంభాల మీద చెక్కిన బొమ్మల్ని ఆమె వేలితో తడుముతూ నడిచింది. గర్భగుడి దగ్గర చెప్పులు విడిచి, దండం పెట్టబోయి ఆగింది.

‘‘సామి యాడ?’’

‘‘లేడు. మైదుకూరుకు తీసుకుపోయినారంటారు. అక్కడ మాధవరాయస్వామి గుడి ఉంది గదా, ఆ విగ్రహం ఇక్కడిదేనంట.’’

కాసేపు ఆ ఖాళీ గది వైపే చూసింది. ‘‘అయితే సామి గూడా కాలనీకి పోయినాడన్నమాట’’ అంది. తర్వాత ఆ ఖాళీకే దండం పెట్టి బయటికొచ్చింది.

రాత్రి ఇద్దరికీ సరిగా నిద్ర పట్టలేదు. కొత్త చోటు కదా అనుకున్నాం. తెల్లవారుజామున స్వెటర్లు తొడుక్కుని లోయ అంచుకు నడిచాం. కింద పెన్న. రెండువైపులా ఎవరో పేర్చినట్టు ఎర్రటి బండలు. కుర్రకారు అప్పటికే అక్కడ చేరి సెల్ఫీలు దిగుతున్నారు. ఎండ పొడ తగిలి బండల రంగు మారుతుంటే అందరూ ఒక్కసారి కేకలేశారు.

మా ఆవిడ సూర్యుడి వైపు చూడటంలేదు. నీళ్లు చూస్తోంది.

‘‘ఈ నీళ్లు యాన్నుంచి వస్తాయి?’’

‘‘పైన డ్యాం ఉంది, ఆణ్నుంచి.’’

‘‘అంటే మా ఊరి మీదుగానే.’’

పాఠం చెప్పడానికి నాకేమీ మిగల్లేదు. ‘‘ఆ రోజు నిన్ను తీసుకుపోవాల్సింది’’ అన్నాను. మూడుముక్కల మాట, చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది.

‘‘ఇంటి ముందు యాపచెట్టు ఉండె’’ అంది. ‘‘దానికింద కూచుంటే పొద్దుగూకేది తెలిసేది కాదు.’’ తర్వాత చాలాసేపు చెప్పింది. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు, ఏ సందు ఎటు తిరుగుతుంది, బడి ఎక్కడ, గుడి ఎక్కడ. ముప్పై ఐదేళ్లు ఆ ఊరి అల్లుణ్ని, నాకు అందులో సగం తెలీదు. బండమీద వేలితో గీతలు గీసి చూపిస్తుంటే బుద్ధిగా విన్నాను.

వెనక్కి వచ్చేముందు ఫోన్ నా చేతికిచ్చి ఫొటో తియ్యమంది. ఒక్కదాన్నే కాదు, నువ్వూ రా అంది. పక్కనున్న కుర్రాడు తీసిపెట్టాడు. దాన్ని అమ్మాయికి పంపుతూ కింద తనే కష్టపడి ఒక్కో అక్షరం కొట్టింది: ‘వెనక కనపడేవి మీ అవ్వోళ్ల ఊరి నీళ్లు.’