రెండు వేల అడుగులు

శాన్‌డియేగో కౌంటీలో పెరోల్ ఆఫీసర్‌గా చేసిన రోజుల్లో నా కారు డిక్కీలో టార్చిలైటూ బురద బూట్లూ ఎప్పుడూ ఉండేవి. ఇళ్ల తలుపులు తట్టి తనిఖీ చేయాల్సినవాణ్ణి, రాత్రిళ్లు నది ఒడ్డున పొదల్లో మనుషుల్ని వెతికేవాణ్ణి.

2006లో కాలిఫోర్నియా ఓటర్లు 83వ ప్రతిపాదనను గెలిపించారు. లైంగిక నేరానికి శిక్షపడి రిజిస్టరుకెక్కినవాడు బడికిగానీ పార్కుకిగానీ 2,000 అడుగుల లోపు నివాసం ఉండకూడదన్నది దాని నిబంధన. ఆడపిల్ల తండ్రిని, నేనూ దానికే ఓటేశాను.

2012లో విడుదలైన ఒకతనికి వాళ్లక్క గది సిద్ధం చేసి పెట్టింది. కొలిస్తే పార్కు మరీ దగ్గర. కుదరదని నేనే చెప్పాను.

"మరెక్కడ పడుకోమంటారు సార్?"

నా దగ్గర జవాబు లేదు. పగలు ఆ వీధిలో తిరిగితే ఈ నిబంధన అడ్డం రాదు. రాత్రి అక్కడ పడుకుంటేనే తప్పు.

అతను వంతెన కిందికి చేరాడు. కాలికి జీపీఎస్ పట్టీ, దానికి రోజూ ఛార్జింగు. నది ఒడ్డున ప్లగ్గెక్కడిది? బ్యాటరీ అయిపోతే నా ఫోను మోగేది. ఇక ఆ రాత్రి అతనెక్కడున్నాడో నాకు తెలిసేది కాదు. ఇల్లు లేనివాడు కాబట్టి 30 రోజులకోసారి పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాలి. ఏమని? ఫలానా వంతెన దగ్గర అని. అదే అక్క ఇంట్లో ఉంటే, పనికెళ్తున్నాడా, తాగుతున్నాడా, ఎవరితో తిరుగుతున్నాడో ఆవిడ ఒక్క మాటలో చెప్పేసేది. ఆ ఒక్క మాట నాకు ఏ పట్టీ కన్నా ఎక్కువ.

నా ఫైళ్లలో పిల్లల మీద జరిగిన నేరాలు చాలావరకు సవతి తండ్రో, మేనమామో, ఇంటికొచ్చిపోయే స్నేహితుడో చేసినవే. బడి గేటు దగ్గర కాపు కాసినవాడు అరుదు. మిన్నెసోటా జైళ్ల శాఖ మళ్లీ లైంగిక నేరం చేసి జైలుకొచ్చిన 224 మంది కేసుల్ని తిరగేసి, ఇలాంటి దూరం నిబంధన వాటిలో ఒక్కదాన్నీ ఆపి ఉండేది కాదని 2007లోనే తేల్చింది.

2015 మార్చిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు మా కౌంటీలో పెరోల్‌పై ఉన్నవాళ్లందరికీ 2,000 అడుగుల నిబంధనను గంపగుత్తగా వర్తింపజేయడాన్ని కొట్టేసింది. మామూలుగా అద్దెకు దొరకాల్సిన ఇళ్లలో 97 శాతానికి పైగా నిషిద్ధమయ్యాయని తీర్పులో రాసింది. మనిషిని బట్టి షరతులు పెట్టుకోవచ్చంది. అదీ సబబే, కొందర్ని బడికి దూరంగా ఉంచాల్సిందే.

మా అమ్మాయిని కాపాడుకోవాలనే ఆనాడు ఓటేశాను. అదే ప్రతిపాదన మళ్లీ వస్తే, ఆ అమ్మాయి కోసమే, వ్యతిరేకంగా వేస్తాను.