క్యాంపుకి రానోళ్ల గురించి

పొగాకు పండించేవాడే క్యాన్సర్ గురించి రాస్తున్నాడేందని నవ్వేవాళ్లు నవ్వండి, చదివి నవ్వండి.

పోయిన నెల, ఫిబ్రవరిలో, మా ఊరి బళ్లో క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెట్టారు. ఏఎన్ఎం, ఆశా వర్కరూ రెండు రోజుల ముందే ఇంటింటికీ తిరిగి చెప్పారు. తీరా వచ్చిందెవరు? బీపీ, షుగరు మందులకి నెలనెలా పోయేవాళ్లు. అందులో సగం మంది జన్మలో బీడీ ముట్టనోళ్లే. రోజుకి రెండు కట్టలు కాల్చేవాళ్లు, నిద్రలో తప్ప నోట్లో చుట్ట తియ్యని పెద్దోళ్లు ఒక్కరూ ఆ గడప తొక్కలా.

సాయంత్రం రచ్చబండ కాడ అడిగా. "బ్యారన్ మంట ఎవరు చూస్తారు, నువ్వొచ్చి చూస్తావా?" అన్నాడొకాయన. అదీ నిజమే. ఆకు ఎక్కించినాక ఐదారు రోజులు రాత్రీ పగలూ వేడి చూసుకోవాల. కూలికి పోయేవాళ్లకైతే పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా అంటే ఆ రోజు కూలి పోయినట్టే. మా ఊరికి ఫిబ్రవరిలో, అదీ ఆ టైములో క్యాంపు పెట్టాలని ఎవరికి తోచిందో గానీ.

ఇంకొకాయన మెల్లగా అన్నాడు: "ఉందని తేలితే పిల్లల నెత్తిన అప్పు. తెలీకుండా పోతేనే నయం." ఆ మాట నాకు రెండు రోజులు నిద్ర పట్టనియ్యలా. ముదిరాక తెలిస్తేనే గదా ఖర్చు, నొప్పి. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు దొరికితే ఆపరేషన్‌తో తీసేసే వీలుంటుంది. క్యాన్సర్ వైద్యం మన ఆరోగ్యశ్రీలో, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవలో ఉంది.

మూడో ఆయన ఎక్స్‌రేలో ఏం లేదన్నారని ధీమాగా ఉన్నాడు. అమెరికాలో బాగా పొగతాగే 53 వేల మందిని రెండు భాగాలు చేసి, ఏడాదికోసారి మూడుసార్లు, ఒక సగానికి ఎక్స్‌రే, ఇంకో సగానికి తక్కువ రేడియేషన్ సీటీ స్కాన్ తీశారు. 2011లో లెక్క తేలింది. సీటీ తీసినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయి. అక్కడిప్పుడు 50 నుంచి 80 ఏళ్ల లోపు ఉండి, రోజుకో ఇరవై సిగరెట్ల పెట్టె చొప్పున ఇరవై ఏళ్లు కాల్చినవాళ్లని ఏటా తీయించుకోమంటారు. మానేసి పదిహేనేళ్లు దాటకపోయినా సరే. అయినా అక్కడ కూడా పోయేవాళ్లు తక్కువే. భయం ఏ దేశమైనా ఒకటే మల్లే ఉంది.

మన దగ్గర ఇంటింటికీ వచ్చి చూసేది నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. ఊపిరితిత్తులకి అట్టాంటి పథకం లేదు. పైగా పాత టీబీ మచ్చలు స్కాన్‌లో గడ్డల్లా కనపడి కంగారు పెడతాయి, అందుకే డాక్టరు చెప్పకుండా మనంతట మనం స్కాన్‌కి ఎగబడేది కాదు. కానీ ఎన్నేళ్లు, ఎన్ని కాల్చావని డాక్టరు అడగాలన్నా, నోట్లో తెల్లమచ్చ చూడాలన్నా మనిషి ఎదురుగా కూర్చోవాలి గదా.

వేలం మొదలైంది గాబట్టి బ్యారన్ల పని తగ్గుద్ది. ఈసారి సాయంత్రం ఆరు తర్వాత రచ్చబండ కాడే పెట్టమని ఏఎన్ఎంని అడిగా. పెద్ద డాక్టరుగారితో మాట్లాడతానంది. బ్యారన్ ఆయన, ఎక్స్‌రే ఆయన వస్తామన్నారు. పిల్లల అప్పు గురించి చెప్పినాయన మాత్రం చివరి బేలు అమ్మినాక చూద్దామన్నాడు. అప్పటికి జూలై వచ్చుద్ది. ఆయనకి నెల నుంచి దగ్గు. సోమవారం నా బండి మీద పెద్దాసుపత్రికి తీసకపోతానని వాళ్ల అబ్బాయితో చెప్పా.