సిఖార్త్ దిబ్బ

వేల్సుదేశమున లాన్‌సిలిన్ గ్రామసమీపమున సిఖార్త్ అను మట్టిదిబ్బ కలదు. చుట్టును అగడ్త జాడ. నిలిచిన గోడ యొక్కటియు లేదు. ఓవెన్ గ్లిండూర్ కొయ్యమేడ యిచటనే యుండెను. 1400లో నాతడు ఇంగ్లండురాజుపై తిరుగబడగా, 1403లో యువరాజు హెన్రీ దానిని తగులబెట్టించెను. 1962-63లో త్రవ్వినవారికి కొయ్యకట్టడముల యానవాళ్లు దొరకినవి.

ఈ దిబ్బ చిత్రమును తరగతిలో చూపగా నొక బాలుడు "కోట యేదండీ?" యని యడిగెను. మేడ కాలకముందు ఇయోలో గోక్ అను కవి దానిని వర్ణించుచు, అచట తాళమును గడియయు నరుదనియు, ఆకలిదప్పులు లేవనియు చెప్పెనంటిని.

ఆశ్రితుని పొగడ్తలో నతిశయోక్తి యుండకపోదు. అయినను ప్రభువును మెచ్చుటకు కవి తెరచిన తలుపునే యెన్నుకొనెను. మన చరిత్రపాఠములు ముట్టడుల తేదీలతో ముగియుచున్నవి. ఏ కోటలో నెవరికి అన్నము దొరకెనో, ఎవరికి తలుపు మూయబడెనో పిల్లలకు చెప్పవలదా?