బండి బాగుంది, మరి మీరు?

2023 జూన్‌లో నేనూ మా ఆవిడా పడక, పొయ్యి అమర్చిన వ్యానులో మనాలి నుంచి లేహ్‌కు బయలుదేరాం. బ్యాంకులో సాయంత్రం నగదు సరిచూసుకున్నట్టే రోజూ టైర్లలో గాలి, ఇంజనాయిలు, రేడియేటరు నీళ్ళు చూసుకునేవాణ్ణి. 17 వేల అడుగులు దాటిన టాంగ్లాంగ్ లా కనుమను కూడా బండి చక్కగా ఎక్కింది.

ఫోను సంగతే మరిచాను. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు లడఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అది ఉన్నా కనుమల్లో సిగ్నలు దొరకదు. లేహ్ చేరి, హోటలాయన ఫోను అడిగి బరంపురం మాట్లాడాను. రెండు రాత్రులు నిద్రలేని అమ్మ అంది: "బండి బాగుందంటున్నావు. మీరు బాగున్నారని నాకెవరు చెప్తార్రా?"

నా లెక్క అక్కడే తప్పింది. అటు వెళ్ళే మనవాళ్ళు "ఫలానా రోజు దాకా ఫోను రాదు, కంగారుపడకండి" అని ఇంట్లో చెప్పి మరీ బయలుదేరండి.